పేగుల జబ్బు, గుండె ఆనవాలు

1978లో అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఐరోపాలోనూ ఇంచుమించు ఒకేసారి కుక్కపిల్లలు కుప్పలుగా చనిపోవడం మొదలైంది. చావు రెండు రకాలుగా వచ్చింది. రెండు మూడు నెలల పిల్లలు వాంతులతో, నెత్తుటి విరేచనాలతో నీరసించి నాలుగైదు రోజుల్లో పోయేవి. అంతకన్నా చిన్నవి, నెల వయసు పిల్లలు, పైకి ఏ జబ్బూ కనిపించకుండానే పోయేవి. బొద్దుగా, చురుగ్గా ఉన్న పిల్ల తల్లి దగ్గర పాలు తాగుతూనో తోబుట్టువులతో ఆడుతూనో ఉన్నట్టుండి ఊపిరందక మూలిగి, నిమిషాల్లో ఒరిగిపోయేది. మర్నాడో ఆ తర్వాతో అదే ఈతలోని ఇంకో పిల్ల. కొన్నిచోట్ల ఈతలో సగానికి పైగా ఇలాగే పోయాయి. కోసి చూసిన పశువైద్యులకు ఊపిరితిత్తుల నిండా నీరు, పాలిపోయి చారలు పడిన గుండె కనిపించాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే గుండె కణాల కేంద్రకాల్లో వైరస్ పోగుపడిన ముద్దలు కనిపించాయి.

రెండు రకాల చావుకూ కారణం ఒకటే వైరస్. పిల్లుల్లో ఎప్పటినుంచో ఉన్న ఒక పార్వోవైరస్‌కు దగ్గరి చుట్టం, కొద్దిపాటి మార్పులతో కుక్క కణాల్లోకి దూరడం నేర్చుకుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలాండ్ కార్మైకేల్, మ్యాక్స్ ఆపెల్ బృందం దాన్ని పట్టుకుని టీకా తయారు చేసేలోగా అది ప్రపంచమంతా తిరిగొచ్చింది. 1980ల తొలి ఏళ్లకే మద్రాసు పశువైద్యులు మన దేశంలో దాన్ని గుర్తించారు. ఇవాళ మన ఊళ్లలో కుక్కను పెంచే ఇంట్లో పార్వో పేరు తెలియనివాళ్లు అరుదు.

ఒకే వైరస్ ఒక పిల్లలో పేగునూ మరో పిల్లలో గుండెనూ ఎందుకు పట్టుకుంటుంది? జవాబు వైరస్ పేదరికంలో ఉంది. పార్వో జన్యుపదార్థం ఒంటి పోగు డీఎన్‌ఏ, పొడవు సుమారు 5,000 అక్షరాలు. డీఎన్‌ఏను నకలు తీసే యంత్రాంగం దానికి సొంతంగా లేదు. అందుకని అది దూరిన కణం తనంతట తాను విభజనకు సిద్ధమై, తన డీఎన్‌ఏను నకలు తీసుకుంటున్న ఘడియ కోసం కాచుకోవాలి. ఎదిగిన కుక్కపిల్లలో నిత్యం విభజన చెందే కణాలు పేగు గోడ అడుగున, ఎముక మజ్జలో, లింఫ్ గ్రంథుల్లో ఉంటాయి. వైరస్ అక్కడికే పోతుంది. గుండె కండర కణాలు మాత్రం పుట్టిన కొత్తలో, దాదాపు మొదటి రెండు వారాల పాటు చురుగ్గా విభజన చెంది, ఆ తర్వాత ఆగిపోతాయి. తల్లి కడుపులో ఉండగానో పుట్టిన ఆ తొలి రోజుల్లోనో సోకిన వైరస్‌కు గుండె తలుపు తెరిచే ఉంటుంది. నెల దాటాక సోకితే ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

ఆ తొలి రోజుల్లో పిల్లను కాపాడేది తల్లి ముర్రుపాలు. తల్లికి టీకా వేసి ఉన్నా, అది పార్వో వచ్చి బతికినదైనా, దాని యాంటీబాడీలు ముర్రుపాలతో పిల్లకు అందుతాయి. 1978లో ప్రపంచంలో దాదాపు ఏ తల్లి కుక్కకూ ఈ వైరస్ తెలియదు. అందుకే అంత చిన్న పిల్లలు అన్ని చనిపోయాయి. నాలుగైదేళ్లలో టీకాల వల్లా, సోకి బతికిన తల్లుల వల్లా గుండె రకం పార్వో అరుదైపోయింది. పాఠ్యపుస్తకాల్లో అది చరిత్ర పేరాల్లోకి జరిగింది. పార్వో అంటే పేగుల జబ్బు అన్న మాట స్థిరపడిపోయింది.

ఆ స్థిరపడిన మాటను కదిలించింది ఒక రక్తపరీక్ష.

గుండె కండరంలో సన్నని పోగులు, లావు పోగులు ఒకదానిమీద ఒకటి జారడం వల్ల గుండె ముడుచుకుంటుంది. ఎప్పుడు జారాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది సన్నని పోగుమీద కూర్చున్న ట్రోపోనిన్ అనే ప్రొటీన్ల ముఠా. టోక్యోలో సెత్సురో ఎబాషి బృందం 1965లో దీనికి ఆ పేరు పెట్టింది. ముఠాలో ముగ్గురు. కాల్షియాన్ని పట్టుకునేది ట్రోపోనిన్ సి, కాల్షియం లేనప్పుడు పోగుల్ని జారనివ్వకుండా బిగించి ఉంచేది ట్రోపోనిన్ ఐ, ఈ రెంటినీ పోగుకు కట్టి ఉంచేది ట్రోపోనిన్ టి. వీటిలో ఐ మనకు ముఖ్యం. ఎందుకంటే గుండెలో ఉండే ట్రోపోనిన్ ఐ, కాళ్ల కండరంలో ఉండే ట్రోపోనిన్ ఐ ఒకటి కావు. గుండె రకానికి ఒక చివర అదనపు తోక ఉంటుంది. ఆ తేడాను పట్టే యాంటీబాడీని తయారు చేస్తే, రక్తంలో దొరికిన ట్రోపోనిన్ గుండెదేనని నిర్ధారణగా చెప్పవచ్చు.

అంతకుముందు ఇంత స్పష్టత లేదు. 1954లో న్యూయార్క్ వైద్యులు గుండెపోటు వచ్చిన రోగుల రక్తంలో ఒక ఎంజైము పెరగడం చూశారు. అది కాలేయంలోనూ ఉండేది. తర్వాత క్రియాటిన్ కైనేజ్ వచ్చింది, దానిలో గుండెకు దగ్గరిదని పేరుపడ్డ ఎంబీ రకాన్ని (సీకే-ఎంబీ) విడిగా కొలిచారు. మనుషుల్లో అది చాలాకాలం పనిచేసింది. కుక్కల్లో, అందులోనూ వైరస్ జబ్బుల్లో, అది బాగా తప్పుదారి పట్టిస్తుంది. క్రియాటిన్ కైనేజ్‌లో ఇంకో రకం మెదడులోనూ పేగు గోడలోనూ ఉంటుంది. చాలా ల్యాబుల్లో వాడే పద్ధతి ఆ రకాన్ని కూడా గుండె లెక్కలో కలిపేస్తుంది. పార్వో పేగును తొలుస్తుంది, డిస్టెంపర్ అనే మరో కుక్కల వైరస్ జబ్బు మెదడును పట్టుకుంటుంది. అంటే ఏ జబ్బులో గుండె సంగతి తెలుసుకోవాలనుకుంటున్నామో సరిగ్గా ఆ జబ్బే కొలతను పాడుచేస్తుంది. ఇంజెక్షన్ పొడిచిన కండరం, ఫిట్స్‌తో కొట్టుకున్న కాళ్లు కూడా ఈ అంకెను పెంచుతాయి. ఇప్పటికీ కొన్నిచోట్ల పార్వో పిల్లకు సీకే-ఎంబీ రాసి గుండె గురించి నిర్ణయాలు తీసుకుంటారు. అది మానేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

గుండె ట్రోపోనిన్ ఐ గాయానికి ఆనవాలు అవుతుందని చూపిన తొలి ప్రయోగాల్లో ఒకటి 1987లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జరిగింది. గుండెకు రక్తం తెచ్చే నాళాన్ని ప్రయోగంగా మూసి, రక్తంలో ట్రోపోనిన్ ఎప్పుడు ఎంత పెరుగుతుందో గంటగంటకూ చూశారు. ఆ గుండెలు కుక్కలవి. తర్వాత పరీక్ష మనుషుల ఆస్పత్రులకు వెళ్లింది. ఇవాళ ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి మొదట చేసే పరీక్షల్లో అదొకటి. కుక్క గుండె ట్రోపోనిన్ ఐ మనిషిదానికి అతి దగ్గరగా ఉండటం వల్ల మనుషుల కోసం తయారైన యంత్రాల్లో చాలావాటితో కుక్క రక్తాన్నీ పరీక్షించవచ్చని 1990ల చివర తేలింది. కుక్కల ప్రాణాలతో మనుషులకు దొరికిన పరీక్ష అలా మళ్లీ కుక్కలకు అక్కరకొచ్చింది. ఆ రుణం గుర్తుపెట్టుకోవలసినదే.

ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తంలో ట్రోపోనిన్ ఐ దాదాపు ఉండదు. మామూలుగా మిల్లీలీటరుకు 0.1 నానోగ్రామైనా ఉండదు. 0.2 దాటితే చాలా ల్యాబులు ఎక్కువ అంటాయి. గీత ఎక్కడ గీయాలన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక ల్యాబు అంకెను మరో ల్యాబు అంకెతో పోల్చకూడదు. గ్రేహౌండ్ లాంటి కొన్ని జాతుల్లో మామూలుగానే కాస్త ఎక్కువ. వయసుతోనూ పెరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే కూడా పెరుగుతుంది. వాంతులు విరేచనాలతో ఎండిపోయి మూత్రం తగ్గిన పిల్లలో ఈ చివరి మాట మరిచిపోకూడదు.

గుండె కణంలోని ట్రోపోనిన్‌లో అత్యధిక భాగం పోగులకు అతుక్కుని ఉంటుంది, కొద్ది శాతమే విడిగా తిరుగుతుంటుంది. కణం పొర దెబ్బతినగానే విడిగా ఉన్నది కొన్ని గంటల్లోనే రక్తంలోకి కారుతుంది. పోగులే చెదిరితే అతుక్కుని ఉన్నది రోజుల తరబడి నెమ్మదిగా వస్తూ ఉంటుంది. రక్తంలోకి వచ్చినదాన్ని శరీరం మాత్రం త్వరగానే తొలగిస్తుంది. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే ఒక ముఖ్యమైన పాఠం దొరుకుతుంది. ఒక్క రోజు అంకెకు పెద్ద అర్థం లేదు. ఇవాళ 1.5 ఉండి ఎల్లుండికి 0.2కు దిగితే, గాయం జరిగి ఆగిపోయిందనుకోవచ్చు. మూడో రోజుకూ అయిదో రోజుకూ అంకె దిగకపోతే, గుండెలో ఇంకా ఏదో జరుగుతోంది.

గోదావరి వరదలో ఇంటి దూలమొకటి కొట్టుకొస్తే ఎగువన ఎక్కడో ఇల్లు కూలిందని రేవులో నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది. గాలికి కూలిందో, గట్టు తెగి కూలిందో దూలం చెప్పదు. రక్తంలో ట్రోపోనిన్ కూడా అంతే. గుండె కణం దెబ్బతిన్నదని చెబుతుంది, దెబ్బ కొట్టిందెవరో చెప్పదు. వైరస్ జబ్బుల్లో ఈ పరీక్షను అర్థం చేసుకోవడమంటే ఈ ఒక్క ముక్కను వదలకుండా పట్టుకోవడమే.

రెండు నెలల పిల్లకు పార్వో వచ్చిందనుకుందాం. వైరస్ పేగు గోడ అడుగున పుట్టే కణాల్ని చంపేస్తుంది. పైపొర రాలిపోతుంది, దాన్ని భర్తీ చేసేవి ఉండవు. నీరు, ఉప్పు, ప్రొటీను, రక్తం పేగులోకి కారిపోతాయి. పేగులో ఉండాల్సిన బాక్టీరియా గోడ దాటి రక్తంలోకి వస్తాయి. అదే సమయంలో ఎముక మజ్జ కూడా దెబ్బతిని తెల్లరక్తకణాలు పడిపోతాయి కాబట్టి వాటిని ఎదిరించే సైన్యం లేదు. చికిత్స అందకపోతే ఇలాంటి పిల్లల్లో పదింట తొమ్మిది చనిపోవచ్చు. సెలైన్, వాంతులు ఆపే మందు, యాంటీబయాటిక్, నిఘా అన్నీ సమయానికి అందితే నూటికి ఎనభైకి పైగా బతుకుతాయి.

ఇంత జరుగుతున్నప్పుడు గుండె గురించి ఎవరూ అడగరు. కానీ ఆ పిల్లల రక్తంలో ట్రోపోనిన్ కొలిచినప్పుడు, టర్కీతో సహా పలు దేశాల్లో, చెప్పుకోదగ్గ సంఖ్యలో అంకె పెరిగి కనిపించింది. కొన్ని అధ్యయనాల్లో చనిపోయిన పిల్లల్లో పెరుగుదల మరింత ఎక్కువ. ఈ వయసులో గుండె కణాల విభజన ఆగిపోయి చాలా కాలమైంది కదా, మరి వైరస్ అక్కడికి ఎలా వెళ్లింది? చాలావాటిలో వెళ్లకపోయి ఉండవచ్చు. వెళ్లనక్కర లేదు కూడా. ఒంట్లో నీరు తగ్గితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. తగ్గినదాన్ని పూడ్చడానికి గుండె నిమిషానికి రెండు వందల సార్లు కొట్టుకుంటుంది. పని పెరిగింది, అందే ప్రాణవాయువు తగ్గింది. పైన బాక్టీరియా విషాలు, వాటికి శరీరం వెదజల్లే వాపు రసాయనాలు గుండె కణాల్ని నేరుగా దెబ్బతీస్తాయి. పొటాషియం పడిపోయి లయ తప్పుతుంది. గుండెలో వైరస్ ఒక్కటి కూడా లేకుండానే గుండె గాయపడగలదు.

ల్యాబు కాగితంమీద రెండు గాయాలూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యుడు చేయాల్సిన పని మాత్రం వేరు. ఎండిపోవడం వల్ల గుండె నలిగిన పిల్లకు సెలైనే మందు, నీరు నిండితే ట్రోపోనిన్ దిగుతుంది. నిజంగా గుండె కండరం వాచిన పిల్లకు అదే వేగంతో సెలైన్ ఎక్కిస్తే ఆ గుండె తోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. “విరేచనాలకని తెస్తే గుండె అంటున్నారేంటి డాక్టర్ గారూ?” అని యజమాని అడగడం సహజం. జవాబు ఈ సెలైన్ వేగంలోనే ఉంది. ట్రోపోనిన్ ఎక్కువగా ఉన్న పిల్ల దగ్గర ఊపిరి లెక్క గంటగంటకూ చూడాలి, ఈసీజీ తీయాలి, ఎకో (గుండె స్కాన్) ఉంటే గుండె ఎంత బలంగా ముడుచుకుంటోందో చూడాలి. టర్కీ పశువైద్యులు పార్వో పిల్లల్లో ఎకో కొలతల్నీ రక్తపు గుర్తుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది ఇందుకే. రక్తం గాయాన్ని చెబుతుంది, ఎకో పనితీరును.

పనితీరును చెప్పే రక్తపరీక్ష కూడా ఒకటి ఉంది. 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ ఎలుక గుండె పైగదుల సారాన్ని మరో ఎలుకకు ఎక్కిస్తే మూత్రం, ఉప్పు ధారాళంగా పోవడం చూశాడు. గుండె పంపు మాత్రమే కాదు, హార్మోనులు చేసే గ్రంథి కూడా అని అప్పుడు తెలిసింది. ఆ గుండె హార్మోనుల కుటుంబంలోని ఒక హార్మోను తాలూకు తుంపు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. గుండె గోడ సాగినప్పుడు ఇది రక్తంలో పెరుగుతుంది. ట్రోపోనిన్‌లా కాకుండా ఇది కుక్కలో వేరు, మనిషిలో వేరు. మనుషుల ల్యాబుకు కుక్క రక్తం పంపితే ఈ పరీక్ష పనికిరాదు, కుక్కలకని తయారైనదే కావాలి. ఊపిరాడని ముసలి కుక్కలో ఆయాసం గుండె వల్లా, ఊపిరితిత్తుల వల్లా అని తేల్చడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. పార్వో పిల్లలో గుండె గోడ సాగడం అటుంచి, నీరు లేక కుంచించుకుపోయి ఉంటుంది. కాబట్టి తొలి రోజు ఈ అంకె మామూలుగా ఉన్నా గుండె క్షేమమని అనుకోకూడదు.

డిస్టెంపర్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1905లో ఫ్రాన్స్‌లో అన్రీ కారే ఇది వైరస్ జబ్బని చూపాడు. ఊపిరితిత్తులు, పేగు, చివరికి మెదడు దీని దారి. పుట్టిన మొదటి వారంలో సోకిన పిల్లల గుండె కండరంలోనూ అక్కడక్కడా కణాలు చచ్చిన మచ్చలు ప్రయోగాల్లో కనిపించాయి. ఇక్కడా వయసే నిర్ణయించింది.

ఇంకో వైరస్ మొన్నమొన్నటిది. 2020 డిసెంబరు నుంచి 2021 ఫిబ్రవరి వరకు ఇంగ్లండ్‌లోని మార్లో పట్టణంలో ఒక పెద్ద పశువైద్య కేంద్రానికి గుండె కండరం వాపు అనుమానంతో వచ్చే కుక్కలు, పిల్లులు ఒక్కసారిగా పెరిగాయి. అక్కడి గుండె విభాగానికి వచ్చే కేసుల్లో వీటి వాటా 1.4 శాతం నుంచి 12.8 శాతానికి చేరింది. బ్రిటన్‌లో అప్పుడు కోవిడ్ ఆల్ఫా రకం విజృంభిస్తోంది. చాలా ఇళ్లలో యజమానులకు కొన్ని వారాల ముందే కోవిడ్ వచ్చి ఉంది. జంతువులకు దగ్గు, జలుబు లేవు. నీరసం, ఆయాసం, స్పృహ తప్పి పడిపోవడం ఉన్నాయి. పరిశీలించిన 11 జంతువుల్లో 8 పిల్లులు, 3 కుక్కలు. ట్రోపోనిన్ మామూలు గీతకు ఎన్నో రెట్లు ఎక్కువ. వైరస్ ఆనవాళ్లో, యాంటీబాడీలో మాత్రం సుమారు సగంలోనే దొరికాయి. మిగతా సగంలో గుండెను కొట్టిందెవరో రక్తం చెప్పలేదు. అది నివేదించిన లూకా ఫెరాసిన్ బృందం కూడా అనుమానమనే రాసింది తప్ప తేలిపోయిందని రాయలేదు. నాకు ఆ పత్రంలో అన్నిటికన్నా నచ్చింది ఆ నిగ్రహమే. చాలా జంతువులు చికిత్సతో కోలుకున్నాయి.

దెబ్బ కొట్టినవాణ్ని పట్టుకోవాలంటే గుండె ముక్కలోనే వెతకాలి. కార్నెల్ పరిశోధకులు 2017లో ప్రచురించిన పని అలాంటిది. రెండేళ్లలోపే చనిపోయి, గుండె కండరంలో వాపో మచ్చో ఉన్న 40 కుక్కల భద్రపరచిన గుండె ముక్కల్లో పార్వో డీఎన్‌ఏ కోసం చూశారు. 12 గుండెల్లో దొరికింది. గుండె బాగున్న 41 కుక్కల్లో రెండింటిలోనే. గుండె పార్వో చరిత్ర అనుకుని పుస్తకం మూసేసిన ముప్పై ఏళ్లు దాటాక అది ఇంకా మన మధ్యే ఉందని ఈ అంకెలు చెప్పాయి. చిన్నతనంలో గుండెకు సోకి బతికినదానిలో చచ్చిన కణాల చోట నారలాంటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ ముడుచుకోదు, విద్యుత్తును సరిగా పోనివ్వదు. నెలల తర్వాత గుండె సాగి వదులై విఫలం కావచ్చు, లేదా పరుగు మధ్యలో లయ తప్పి ఆగిపోవచ్చు. ఏడాది కుక్క కారణం లేకుండా పోయిందని ఇంట్లోవాళ్లు ఏడ్చే కొన్ని చావుల వెనక ఇది ఉండవచ్చు. అప్పటికి రక్తంలో ట్రోపోనిన్ వెతికినా దొరకకపోవచ్చు, ఎందుకంటే గాయం పాతది.

మన ఊళ్లలో ఈ ప్రమాదం ఎవరికి ఎక్కువ? వీధి కుక్కలకని వెంటనే తోస్తుంది. మునిసిపాలిటీ వాళ్లు వాటికి వేసేది రేబీస్ టీకా, పార్వోది కాదు. అయినా వీధిలో పెరిగి తల్లి అయిన కుక్క చిన్నప్పుడే పార్వోను ఎదుర్కొని బతికినదై ఉండటానికి అవకాశం ఎక్కువ. దాని ముర్రుపాలలో రక్షణ ఉంటుంది. నాకు ఎక్కువ భయం ఇంట్లోనే పెరిగి, గడప దాటక, టీకాలూ సరిగా పడక, పిల్లల కోసం జత కట్టించిన కుక్క గురించి. దాని శరీరానికి పార్వో తెలియదు. పుట్టిన వారానికి ఎవరి చెప్పులకో అంటుకుని వైరస్ ఆ ఇంట్లోకి వస్తే, ఆ ఈత పిల్లలు 1978 నాటి పిల్లల స్థితిలోనే ఉంటాయి. జత కట్టించకముందే తల్లికి టీకా పూర్తి చేస్తే చాలు, ఆ స్థితి రాదు. పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి టీకా వేయడం వేరే సంగతి. అది పేగును కాపాడుతుంది. గుండెను కాపాడేది తల్లికి వేసిన టీకా.

ట్రోపోనిన్ పరీక్షకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తం చాలు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలున్న చోట్ల సరే, చిన్న పట్నంలో కూడా మనుషుల ల్యాబు ఉంటే, ముందే మాట్లాడుకుని, అక్కడి యంత్రం కుక్క రక్తానికి సరిపోతుందో లేదో కనుక్కుని చేయించవచ్చు. చేర్చిన రోజు ఒకసారి, రెండు రోజులకు ఒకసారి, ఇంటికి పంపేటప్పుడు ఒకసారి చూస్తే అంకె ఏ దిశలో నడుస్తోందో తెలుస్తుంది. ఇంటికి పంపేనాటికి అది దిగకపోతే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చూసి, అప్పటికీ ఎక్కువే ఉంటే ఎకో, ఈసీజీ చేయించాలి. అప్పటిదాకా ఆ పిల్లను బంతి వెంట పరిగెత్తించకూడదు. ఆరేడు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు తీసుకెళ్లినప్పుడు, మత్తు ఇవ్వకముందే, “రెండో నెలలో దీనికి పార్వో వచ్చిందండీ, అప్పుడు ట్రోపోనిన్ ఎక్కువగా ఉంది” అని చెప్పి పాత కాగితాలు డాక్టర్ గారి ముందు పెట్టాలి. ఆ కాగితం చూసిన డాక్టరు మత్తుకు ముందు ఒక ఈసీజీ తీయిస్తారు.